గోడమీది బల్లి

తొలకరి వాన వెలిసిన సాయంకాలము. వంటింటిలో దీపము వెలిగినది. కొంతసేపటికే పుట్టలనుండి బయలువెడలిన ఉసిళ్ళు గుంపులు గుంపులుగా వచ్చి దీపము చుట్టును ముసురుకొనినవి. అంతవరకు దూలము సందున దాగియున్న బల్లి యొకటి మెల్లగా తల బయటపెట్టి, గోడమీద జరజర ప్రాకి, దీపమునకు జానెడు దూరమున నిలిచినది. ఆ గోడకు దిగువనున్న వంటగట్టుమీద పసిపిల్లకొరకు కాచిన పాలు గిన్నెలో చల్లారుచున్నవి.

ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడు దానిని చూచి చీపురు తెచ్చెను. "అది విషపు పురుగు. పాలలో పడినచో ఇంకేమైన నున్నదా? తరిమివేయుము" అని తల్లి కేక వేసెను. "వద్దు నాయనా! బల్లిని చంపరాదు, పాపము" అని నాయనమ్మ వారించెను. "దాని మానాన దానిని పోనిండు. దోమలను తినిపెట్టుచున్నది గదా!" అని తండ్రి పలికెను. ఇంతలో బాలుడు చీపురుతో ఒక దెబ్బ వేయనే వేసెను. బల్లి దూలము సందున దూరినది. దాని తోక మాత్రము తెగి వంటగట్టుమీద పడి, పాలగిన్నెకు బెత్తెడు దూరమున గిలగిల కొట్టుకొనసాగెను. పసిపిల్ల కెవ్వున ఏడ్చెను. అందరును ఆ తోకనే చూచిరి. పాలగిన్నెకు మూత లేదన్న సంగతిని ఎవ్వరును చూడలేదు.

ఆ యింట జరిగినది అనేక గృహములలో జరుగుచున్నదే. బల్లి విషజంతువని కొందరు భయపడుదురు. శకునము చెప్పునని కొందరు గౌరవింతురు. పురుగులను తినునని కొందరు ఉపేక్షింతురు. ఈ మూడు మాటలలో నిజమెంత? ఇంట చేరిన బల్లితో మనుష్యులు ఏ విధముగా మెలగవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము కావలెనన్నచో, ముందుగా ఆ ప్రాణి ఎట్టిదో తెలిసికొనవలెను.

బల్లి సరీసృపములలో చేరినది. పాము, తాబేలు, మొసలి కూడ ఆ తరగతిలోనివే. ఉడుము, తొండ, ఊసరవెల్లి, నలికిరి కూడ దానికి బంధువులే. సంస్కృతమున బల్లిని గృహగోధిక అందురు. గోధ యనగా ఉడుము. గృహగోధిక యనగా ఇంటిలోనుండు చిన్న ఉడుము. కుడ్యమత్స్యమని మరియొక పేరును కలదు. కుడ్యమనగా గోడ, మత్స్యమనగా చేప. నీటిలో చేప ఎంత అలవోకగా తిరుగునో గోడమీద బల్లి అంత అలవోకగా తిరుగునని కాబోలు, ప్రాచీనులు ఈ చక్కని పేరు పెట్టిరి. గౌళి యన్నను బల్లియే.

మన దేశమున ఇండ్లలో కనబడు బల్లులన్నియు ఒకే జాతివి కావు. వానిలో పెక్కింటిని శాస్త్రజ్ఞులు హెమిడాక్టిలస్ అను ప్రజాతిలో చేర్చిరి. ఆ ప్రజాతిలో మిక్కిలి ప్రసిద్ధమైనది హెమిడాక్టిలస్ ఫ్రెనేటస్. దీనిని 1836లో డ్యుమెరిల్, బిబ్రాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు వర్ణించిరి. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశములు దీనికి పుట్టినిల్లు. ఓడలలోని సరుకుల నడుమ దాగి ప్రయాణము చేసి, ఇది పసిఫిక్ ద్వీపములకును, ఆస్ట్రేలియాకును, అమెరికా ఖండమునకును చేరినది. టికెట్టు లేని ఈ బాటసారి పోయిన చోటనెల్ల మనుష్యుల యిండ్లనే ఆశ్రయించినది.

అది మన యిండ్లను కోరుటకు కారణములు మూడు. పగటివేళ దాగుటకు గోడల బీటలు, దూలముల సందులు, పటముల వెనుక చోటు దానికి దొరకును. రాత్రివేళ దీపములు పురుగులను ఆకర్షించును. బల్లి వేటకై దూరము పోనక్కరలేదు. బయట ఉండు పక్షులు, పాములు మొదలైన శత్రువుల బెడద ఇంటిలో తక్కువ. ఈ మూడింటిని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. బల్లిని పిలిచినది మనము కాకపోయినను, దానికి కావలసిన ఏర్పాట్లన్నియు మనమే చేసియున్నాము.

ఇక దాని నడకను చూడుడు. నిలువు గోడమీదనే గాక, ఇంటి కప్పు క్రింద తలక్రిందుగా కూడ అది పరుగెత్తును. ఈ వింత క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దిలోనే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ దృష్టిని ఆకర్షించినది. బల్లి కాళ్ళలో జిగురున్నదని కొందరును, గాలిని పీల్చి అంటుకొను చిప్పలున్నవని కొందరును చాలకాలము తలచిరి. రెండును నిజము కావు. బల్లి వ్రేళ్ళ అడుగున సన్నని మడతలు వరుసగా నుండును. ఆ మడతలపై కంటికి కానరాని వెండ్రుకలు కిక్కిరిసి యుండును. టోకే అను పెద్ద బల్లిజాతిలో ఒక్కొక్క పాదమునకు ఇట్టివి సుమారు 5 లక్షలున్నవని లెక్కించిరి. ఒక్కొక్క వెండ్రుక కొన మరల వందల కొలది పాయలుగా చీలి యుండును.

ఏ రెండు వస్తువులైనను మిక్కిలి సమీపించినప్పుడు వాని అణువుల నడుమ స్వల్పమైన ఆకర్షణ కలుగును. ఈ ఆకర్షణకు హాలెండు దేశపు భౌతిక శాస్త్రవేత్త వాన్ డర్ వాల్స్ పేరు పెట్టిరి. ఒక్క పాయ పట్టు ఎన్నదగినది కాదు. లక్షల పాయలు ఒక్కమారు గోడను తాకినప్పుడు ఆ పట్టు బల్లి బరువును సులభముగా మోయును. అమెరికాలో కెల్లర్ ఆటమ్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 2000లో ఒక్క వెండ్రుక బలమును కొలిచిరి. 2002లో ఆ బలము ఇట్టి ఆకర్షణయే అని నిరూపించిరి. వ్రేళ్ళను కొననుండి పైకి చుట్టినంతనే పట్టు వదలును. అందుచేతనే బల్లి అంటుకొనుచు, విడిపోవుచు అంత వేగముగా పరుగెత్తగలదు. అయితే పాదములు నీటిలో నానినచో ఈ పట్టు చాల తగ్గిపోవును. ఈ సంగతి మరల అక్కరకు వచ్చును.

బల్లి కండ్లకు కదలెడి రెప్పలు లేవు. పారదర్శకమైన పొర యొకటి కంటిని కప్పియుండును. దానిమీద దుమ్ము పడినప్పుడు బల్లి తన నాలుకతో కంటిని తుడుచుకొనును. శత్రువు పట్టుకొనినప్పుడు తోకను వదలి ప్రాణము దక్కించుకొనుట దానికి ప్రకృతి యిచ్చిన ఉపాయము. తోకలోని వెన్నుపూసలకు ముందుగానే తెగుటకు వీలైన చోట్లు ఉండును. తెగిన చోట కండరములు బిగుసుకొనుటచే నెత్తురు అంతగా కారదు. తెగిన తోక కొన్ని నిమిషములు కొట్టుకొనును. శత్రువు దానిని చూచుచుండగా బల్లి తప్పించుకొనును. మరల తోక మొలచును. కాని దానిలో ఎముక యుండదు, మృదులాస్థి మాత్రముండును. తోకలో బల్లి క్రొవ్వును దాచుకొనును గావున, తోకను పోగొట్టుకొనిన బల్లి కరవుకాలపు గాదెను పోగొట్టుకొనినట్లే. వినోదమునకై బల్లి తోకను తెంపు పిల్లలు ఈ మాటను తలచుకొనవలెను.

ఆడుబల్లి సామాన్యముగా ఒక్కమారు రెండు గ్రుడ్లు పెట్టును. అవి తెల్లగా, గట్టి పెంకుతో, చిన్న బఠాణీగింజలంత యుండును. తలుపు సందులలోను, పటముల వెనుకను, పుస్తకముల అరలలోను ఇవి కనబడును. నెలన్నర మొదలు రెండు నెలల లోపల పిల్లలు వెలువడును. తల్లి వానిని పెంచదు. పుట్టినది మొదలు అవి తమ వేటను తామే చూచుకొనును.

బల్లి పలుకునకు మన ప్రజలు గొప్ప అర్థము చెప్పుకొనిరి. ఎవరైన మాటాడుచుండగా బల్లి పలికినచో ఆ మాట సత్యమని వ్రేలితో తాటించుట నేటికిని కలదు. బల్లి శరీరమున ఏ భాగముపై పడిన ఏ ఫలము కలుగునో పంచాంగములలో పట్టికలు అచ్చువేయుచున్నారు. కంచిలోని వరదరాజస్వామి ఆలయమున పైకప్పునకు అమర్చిన బంగారు, వెండి బల్లులను యాత్రికులు భక్తితో తాకుదురు. ఇవి తరతరములుగా వచ్చిన ఆచారములు. పెద్దల మనస్సు నొప్పించునట్లు వీనిని పరిహసించుట తగదు. కాని బల్లి పలుకునది మనకొరకు కాదు. మగబల్లి తన చోటులోనికి మరియొకటి రాకుండ బెదరించుటకును, ఆడుబల్లిని పిలుచుటకును టిక్కు టిక్కుమని పలుకును. మలయా భాషలో బల్లిపేరు చిచాక్. అది ఆ ధ్వనినుండి పుట్టినదే.

ఊరందరికి శకునము చెప్పు బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడినదని తెలుగువారి సామెత. పరులకు నీతులు చెప్పి తాను తప్పు త్రోవ పట్టిన వానిని గూర్చి దీనిని వాడుదురు. సామెతను కల్పించినవారు కండ్లార చూచినదే చెప్పిరి. తొట్టిచుట్టు ఈగలు, దోమలు మూగును. వానికై బల్లి అంచుమీదికి వచ్చును. పట్టు తప్పి లోపల పడును. ఒకమారు పాదములు నానినపిమ్మట, ఇంటి కప్పున తలక్రిందుగా నడచిన ఆ ప్రాణియే తొట్టి అంచు ఎక్కజాలక మునిగిపోవును. కుడితి తొట్టికి జరిగినదే మూతలేని మంచినీళ్ళ బిందెకును, పాలగిన్నెకును జరుగును. బల్లిని గూర్చి మన యిండ్లు తెలిసికొనవలసిన మొదటి పాఠము ఈ సామెతలోనే యున్నది.

ఇప్పుడు విషము మాట. ఇంటి బల్లికి విషపు కోరలు లేవు, విషపు గ్రంథులు లేవు. దాని చర్మము విషము కాదు. తోకయు విషము కాదు. దానిని చేత పట్టినచో తప్పించుకొనుటకై కొరుకవచ్చును గాని, ఆ చిన్న పండ్లవలన కలుగు బాధ స్వల్పము. విషము గల బల్లిజాతులు లోకమున లేకపోలేదు. గిలా రాక్షసబల్లి యను పేరుగలది అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరుతి భాగమునను, మెక్సికోలోను నివసించును. మన గోడలమీది బల్లికిని దానికిని ఎట్టి పోలికయు లేదు.

అట్లయినచో బల్లి పడిన ఆహారమును తినినవారు జబ్బుపడుట అబద్ధమా? అబద్ధము కాదు. కాని దానికి కారణము విషము గాదు, సూక్ష్మజీవులు. బల్లుల ప్రేగులలో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులు నివసింపవచ్చును. వీనికి ఆ పేరు అమెరికా పశువైద్యుడైన డేనియల్ సాల్మన్ పేరునుండి వచ్చినది. బల్లికి ఇవి హాని చేయవు. బల్లి మలముతో బయటికి వచ్చి, గిన్నెలమీదను, ఆహారములోను చేరి, మనుష్యుల కడుపులోనికి పోయినచో వాంతులు, విరేచనములు, కడుపునొప్పి, జ్వరము కలిగించును. సామాన్యముగా ఆరు గంటలు మొదలు ఆరు దినముల లోపల జబ్బు బయటపడి, నాలుగు మొదలు ఏడు దినములు బాధించును. బలవంతులు త్వరగా కోలుకొందురు. అయిదేండ్ల లోపు పిల్లలకును, వృద్ధులకును ఇది ప్రమాదకరము కావచ్చును.

ఈ సూక్ష్మజీవులు బాగుగా ఉడికిన ఆహారములో బ్రతుకవు. కాని ఉడికిన పిమ్మట మూత లేక నిలువయుంచిన అన్నములో, పప్పులో, పాలలో పడినచో, ఆ గోరువెచ్చదనమున గంట గంటకు పెరుగును. బల్లి ఆహారములో పడనే అక్కరలేదు. అది గిన్నెమీదుగా నడచి రెట్ట వేసి పోయినను చాలును. పడిన బల్లిని అందరును చూచి ఆహారమును పారవేయుదురు. నడచిపోయిన బల్లిని ఎవ్వరును చూడరు. కావున ఉండవలసిన భయము మూతలేని గిన్నెను గూర్చి. మనకున్న భయము బల్లి తోకను గూర్చి. భయమును దానికి తగిన చోట నుంచుటయే వివేకము.

భయమే ఒక వ్యాధివలె ప్రాకుటయు కలదు. వసతిగృహములలోను, విందులలోను ఆహారములో బల్లి కనబడెనన్న కేక వినినంతనే, తినినవారిలో ఒకరికి వాంతి వచ్చుట, అది చూచి పదిమందికి కడుపు త్రిప్పుట సంభవించును. అట్టి సమయమున కేకలు వేయక, ఆహారమును వెంటనే ప్రక్కకు తీసి, ఉపాధ్యాయులకో పెద్దలకో తెలుపవలెను. ఎవరికి జబ్బు చేసినది, ఎవరికి భయము కలిగినది అని నిర్ణయించువాడు వైద్యుడు. కావున వాంతులు, విరేచనములు కలిగిన వారిని తప్పక ఆసుపత్రికి చేర్చవలెను. ఈ లోపల ఓ.ఆర్.ఎస్. పొడి కలిపిన నీటిని కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. పొడి దొరకనిచో, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదారయు, అర చెంచా ఉప్పును కలిపి ఇయ్యవచ్చును.

బల్లివలన మేలు లేదా? కలదు. దోమలు, చిన్న బొద్దింకలు, ఉసిళ్ళు, దీపపు పురుగులు, ఈగలు దానికి ఆహారము. మందులు చల్లక, శబ్దము చేయక, రాత్రియంతయు అది ఈ పని చేయును. అయినను ఈ మేలును గోరంతలు కొండంతలు చేయరాదు. దోమలు పుట్టునది నిలువ నీటిలో. బల్లి వేటాడునది గోడమీద. తొట్లను, కుండీలను వారమునకొకమారు ఖాళీ చేసి ఆరబెట్టు పనిని ఏ బల్లియు చేయజాలదు. ఆ పని ఇంటివారిదే.

ఇక చేయవలసిన పనులు. మొదటిది మూత. పూర్వము అన్నపు కుండకు వాసెన కట్టి ఉంచెడివారు. పాలు, పెరుగు ఉట్టిమీద పెట్టెడివారు. ఉట్టి పిల్లికి అందదు గాని, బల్లికి అందని చోటు ఇంటిలో లేదు. కావున అన్నము, కూరలు, పాలు, త్రాగునీరు ఎల్లప్పుడును మూతక్రింద నుండవలెను. కడిగిన గిన్నెలను బోర్లించి యుంచవలెను. రాత్రి గోడప్రక్కనున్న గిన్నెను ఉదయమున మరల కడిగి వాడవలెను. దీపమునకు సరిగా దిగువను ఆహారము నుంచరాదు.

రెండవది శుభ్రత. బల్లి రెట్ట నల్లని గింజవలె ఉండి, కొనయందు తెల్లగా నుండును. ఆ తెలుపు దాని మూత్రము. నీటిని పొదుపు చేయుటకై బల్లి మూత్రమును గట్టిగా చేసి విసర్జించును. ఎలుక పెంటికకు ఈ తెల్లని కొన యుండదు. ఈ గుర్తుచే ఇంట తిరుగునది బల్లియో ఎలుకయో తెలిసికొనవచ్చును. రెట్టను పొడిచీపురుతో ఊడ్చినచో దుమ్మై లేచును. తడిగుడ్డతో తీసి, సబ్బునీటితో ఆ చోటును కడిగి, పిమ్మట చేతులను సబ్బుతో కడుగుకొనవలెను. బల్లి మీద పడినచో గాభరా పడనక్కరలేదు. పడిన చోటును సబ్బుతో కడిగికొనిన చాలును.

మూడవది దారి మూయుట. గోడల బీటలను సున్నముతోనో సిమెంటుతోనో పూడ్చవలెను. కిటికీలకు సన్నని జల్లెడవంటి తెరలు అమర్చవలెను. పటములను నెలకొకమారు దించి తుడువవలెను. వంటింటిలో పని ముగియగానే దీపము నార్పి, వసారాలో దీపము నుంచినచో పురుగులు బయటికి పోవును. పురుగుల వెంట బల్లియు పోవును. సందులు పూడ్చుటవలన మరియొక మేలు కలదు. బల్లులను తిని బ్రతుకు విషములేని చిన్న పాము యొకటి వానిని వెదకుచు ఇండ్లలో ప్రవేశించును. చూచుటకు అది కట్లపామును పోలియుండును. అది యేదో ఇదియేదో గుర్తించుట సామాన్యులకు కష్టము గావున, ఏ పాము కనబడినను పిల్లలు దగ్గరకు పోక పెద్దలను పిలువవలెను.

అయినను బల్లి వంటింటిలోనికి వచ్చినచో, చంపకయే సాగనంపవచ్చును. వెడల్పు మూతిగల డబ్బా నొకదానిని మెల్లగా గోడమీది బల్లిపై బోర్లింపవలెను. గోడకును డబ్బాకును నడుమ ఒక అట్టముక్కను జరిపి, రెంటిని కలిపి పట్టుకొని, బయటి ప్రహరీగోడ వద్దనో చెట్టు మొదటనో విడిచిపెట్టవలెను. తోకను పట్టి లాగరాదు. దారులు మూయనిచో అదియో, దానివంటి మరియొకటియో తిరిగి వచ్చుననుట మరువరాదు.

చేయరాని పనులును కొన్ని కలవు. బల్లులు పోవునని కొందరు కలరా ఉండలను మూలమూలలను వేయుదురు. అవి బల్లికంటె ఇంటిలోని పిల్లలకే ఎక్కువ అపాయము. మిఠాయి అనుకొని పిల్లలు వానిని నోట పెట్టుకొందురు. కొందరి శరీరతత్త్వమునకు అవి నెత్తురులోని ఎర్రకణములను నాశనము చేయును. పురుగుమందును బల్లిపై చల్లినచో ఆ మందు గిన్నెలమీద పడును. లేని విషమునకు భయపడి ఉన్న విషమును వంటింటిలోనికి తెచ్చుకొనుట తగునా? జిగురు అట్టలు పెట్టుట బల్లిని గంటలకొలది చిత్రవధ చేయుటయే. స్విచ్చిపెట్టెలోనికి బల్లి దూరినచో పుల్లతోను, ఇనుప కడ్డీతోను పొడువరాదు. బల్లివలన లోపలి తీగలు కలిసి మెరుపు పుట్టవచ్చును. పెద్దలకు చెప్పి, విద్యుత్తు పని తెలిసినవానిని పిలిపింపవలెను.

మొదట చెప్పిన యింటిలో, ఆ రాత్రి పాలను పారబోసి, గిన్నెను తోమి, వేరు పాలు కాచిరి. ఈసారి గిన్నెమీద మూత పడినది. మరునాడు తండ్రి సిమెంటు తెచ్చి దూలము ప్రక్కనున్న సందును పూడ్చుటకు పూనుకొనెను. అంతకు ముందే బాలుడు ప్లాస్టిక్ డబ్బాతోను, పాత పుస్తకపు అట్టతోను కాచుకొని కూర్చుండి, తోకలేని బల్లిని పట్టి, వసారా వెలుపలి గోడమీద విడిచెను. ప్రాణము పోనందుకు నాయనమ్మ సంతోషించెను. వంటింట బల్లి లేనందుకు తల్లి సంతోషించెను. సాయంకాలమున వసారా దీపము వద్ద ఉసిళ్ళు మరల ముసరినవి. బల్లి తన పని తాను చేసికొనుచుండుట చూచి తండ్రియు సంతోషించెను.

కొన్ని వారములకు దాని మొండితోక చివర చిన్న మొలక కనబడినది. బాలుడు పసిపిల్లను ఎత్తుకొని దూరమునుండియే దానిని చూపుచుండెను. నాడు చీపురెత్తిన చేయి నేడు చీపురెత్తలేదు. బల్లి మారలేదు, ఆ యింటివారు తెలిసికొనినది మారినది. గోడమీద బల్లికి చోటున్నది. మూతలేని గిన్నెకు మాత్రము ఇంటిలో చోటు లేదు.